మా అమ్మ ఎవరికి సందేశం?

(తెర – కులం: 6వ భాగం)

పోయిన భాగంలో ‘మాలపిల్ల’ దగ్గర ఆపాను. 1938 నాటి ఆ సినిమాకు కథ ఇచ్చింది చలం, తీసింది గూడవల్లి రామబ్రహ్మం, డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు. మనల్ని గుడిలోకి రానివ్వాలా వద్దా అనేది ఆ కథలో గొడవ. గొడవ మన వాడది, కథ చెప్పే అధికారం మాత్రం ఇంకోచోట ఉండింది. ఈ భాగంలో ఆ కథలకూ, వాటిని తీసే మనుషులకూ వచ్చే బహుమతుల సంగతి మాట్లాడుకుందాం. అవార్డులు ఎవరి చేతికి పోతాయి, మన చేతికి ఎప్పుడు వస్తాయి, వచ్చినప్పుడు ఏ పేరుతో వస్తాయి?

ఈ ప్రశ్న నాది కాదు, మా కాలేజీ పిల్లోడిది.

నేనుండేది హిందూపురంలో, పాఠం చెప్పేది ధర్మవరంలో. రోజూ రైల్లోనే పోయి వస్తుంటాను. మధ్యలో పెనుకొండలో మా పిల్లలు కొందరు ఎక్కుతారు. వాళ్లలో ఒకడు డిగ్రీ చివరి సంవత్సరం, ఎస్సీ కాలనీ పిల్లోడు. వాళ్లమ్మ గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపనికి పోతుంది. ఆ తల్లి మీద వాడు ఫోన్‌తో 14 నిమిషాల సినిమా తీసినాడు. మాటలు చాలా తక్కువ. చీకట్లోనే లేచి సద్ది కట్టుకోవడం, బస్సు కోసం పరుగు, పగలంతా చొక్కాలకు కాలర్లు కుట్టడం, రాత్రి ఇంటికొచ్చి కొడుకు చినిగిన చొక్కాకు చేత్తో సూదీ దారం పట్టుకుని కుట్టు వేయడం. రోజుకు వందల కాలర్లు కుట్టే మనిషి ఇంట్లో మిషన్ లేదు. ఆ సంగతి సినిమాలో ఎవరూ నోటితో చెప్పరు. మనమే చూసుకోవాలి.

ఒక సంస్థ పెట్టిన షార్ట్ ఫిల్మ్ పోటీకి పంపినాడు. ఉత్తమ చిత్రం ఒక ప్రేమకథకు వచ్చింది. ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటి కూడా అట్లాంటి వాటికే. మావాడికి ‘ఉత్తమ సందేశాత్మక చిత్రం’ అని సర్టిఫికెట్, ఒక మెమెంటో ఇచ్చినారు. మరుసటి రోజు రైల్లో ఆ సర్టిఫికెట్ నా చేతిలో పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగినాడు: “సార్, మా అమ్మ ఎవురికి సందేశం?”

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినోణ్ణి. ధర్మవరం వచ్చేదాకా నాకు జవాబు దొరకలేదు. ఈ వ్యాసం ఆ పిల్లోడికి నేను పడిన బాకీ.

హిందూపురం

మా ఊరి నుంచి లేపాక్షి 15 కిలోమీటర్లు. ఊరి మొదట్లోనే నంది. ఒకటే రాయి. దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. 1964లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమా అవార్డులు మొదలుపెట్టినప్పుడు ఈ నందినే గుర్తుగా తీసుకుంది. నంది అవార్డు అంటే మా లేపాక్షి నందే. తొలి ఉత్తమ చిత్రం ‘డాక్టర్ చక్రవర్తి’. అప్పటినుంచి ఎంతోమంది నటులు, దర్శకులు మా ఊరి ఎద్దును చేతిలో పట్టుకుని ఫొటో దిగినారు.

లేపాక్షి వీరభద్రుడి గుడికి పోయినప్పుడు గైడు అందరికీ ఒక కథ చెప్తాడు. అచ్యుతరాయల కాలంలో పెనుకొండ ప్రాంతంలో అధికారం చేసిన విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ ఈ గుడి కట్టించారు. రాజు సొమ్ము అడగకుండా ఖర్చు పెట్టినాడని విరూపణ్ణకు కళ్లు పీకే శిక్ష పడిందట. ఆయనే తన కళ్లు పీకి గోడకేసి కొట్టినాడట. గోడ మీద ఎర్ర మరకలు చూపిస్తారు. అందరూ ఫొటో తీసుకుంటారు.

అదే గుడి ఆవరణలో నేల మీద రాతిలో తొలిచిన పళ్లేలు ఉన్నాయి. గుంతలు గుంతలుగా, అన్నానికొకటి, కూరకొకటి అన్నట్టు. శిల్పులు తిన్న పళ్లేలు అంటారు. మా పిల్లల్ని తీసుకుపోయినప్పుడల్లా ఆ పళ్లేల దగ్గర ఎక్కువసేపు నిలబెడతాను. కట్టించినవాడి పేరుంది, వాడి తమ్ముడి పేరుంది, వాడి కళ్ల మరకలకు కూడా కథ ఉంది. నందిని చెక్కినవాడికి మాత్రం తిన్న పళ్లెం తప్ప ఊళ్లో చెప్పుకునే పేరు లేదు. ఆ తరువాత ఎన్ని వందల ఏళ్లు పోయినాయో చూడండి. మా మాదిగ, మాల వాడల మనుషులు చట్టం పేరు చెప్పి ఇట్లాంటి గుళ్లలో అడుగు పెట్టడానికి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం రావాల్సి వచ్చింది. అది 1947. నంది అవార్డుకు 17 ఏళ్ల ముందు.

ఇంక మా ఊరికి సినిమాతో ఉన్న సంబంధం మీకు చెప్పనక్కర్లేదు. 1985 నుంచి హిందూపురం ఎమ్మెల్యే ఎన్టీఆర్. 2014 నుంచి ఆయన కొడుకు బాలకృష్ణ, వరసగా మూడుసార్లు. పక్కనే మడకశిర ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అసెంబ్లీలో మాకెన్ని సీట్లో రాజ్యాంగం లెక్క కట్టి పెట్టింది. తెర మీద అట్లాంటి లెక్క ఏదీ లేదు.

2014, 2015, 2016 సంవత్సరాల నంది అవార్డులు మూడూ కలిపి 2017 నవంబరులో ప్రకటించారు. 2014కు ఉత్తమ చిత్రం ‘లెజెండ్’, ఉత్తమ నటుడు బాలకృష్ణ. 2015కు ‘బాహుబలి’, మహేశ్‌బాబు. 2016కు ‘పెళ్ళిచూపులు’, జూనియర్ ఎన్టీఆర్. గొడవ మొదలైంది. ఫలానా కుటుంబానికి అన్యాయం చేశారని కొందరు, ఫలానా కులానికి కట్టబెట్టారని కొందరు. టీవీల్లో వారం రోజులు అదే చర్చ. నాకు ఎవరి నటనతోనూ పేచీ లేదు. ఆ చర్చ జరిగిన తీరు చూసినాను, అంతే. ‘ప్రతిభకు కులమేంటి’ అని మనకు రోజూ చెప్పే పరిశ్రమ ఆ వారం రోజులూ జ్యూరీ సభ్యుల కులాలు, విజేతల కులాలు వేళ్ల మీద లెక్కపెట్టింది. లెక్కపెట్టడం వాళ్లకు బాగా వచ్చు. అయితే ఆ లెక్క రెండు మూడు కులాల దగ్గర ఆగిపోయింది. మన వాడ దాకా రాలేదు. మనకెన్ని అని ఏ స్టూడియోలోనూ ఎవరూ అడగలేదు. పంచాయితీ మొత్తం పై మెట్టు మీద కూర్చున్నవాళ్ల మధ్యనే.

పెనుకొండ

రైలు పెనుకొండలో ఆగినప్పుడు కొండ కనబడుతుంది. 1565 తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చారు. ఈ చుట్టుపక్కల శాసనాలు చదివితే ఒక పద్ధతి అర్థమవుతుంది. శాసనంలో ముందుగా నిలిచేది భూమి ఇచ్చినవాడు, సొమ్ము ఇచ్చినవాడు. రాయి మోసినవాడు కాదు.

అవార్డుల పద్ధతి కూడా దీనికి దూరం కాదు. సినిమా పూర్తి కావాలి, సెన్సార్ సర్టిఫికెట్ తీసుకోవాలి, నిర్మాత దరఖాస్తు పెట్టుకోవాలి, ఫీజు కట్టాలి. ఆ తర్వాతే జ్యూరీ చూసేది. అంటే జ్యూరీ గది తలుపు తెరుచుకునేలోపే చాలామంది వెనకబడిపోయి ఉంటారు. డబ్బు దొరకనివాడు, పరిచయం లేనివాడు, ఆడిషన్‌లో ‘హీరో ఫేస్ కాదు’ అనిపించుకున్నవాడు, అసిస్టెంట్‌గా పదేళ్లు చేసి ఇంటికొచ్చేసినవాడు. వీళ్లెవరూ జ్యూరీకి కనబడరు. ‘మా ముందుకొచ్చిన వాటిలో మంచిది ఎంచాం’ అని జ్యూరీ చెప్పేది నిజమే కావచ్చు. ముందుకు రానివి ఎందుకు రాలేదో చెప్పే బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు.

అమెరికాలో ఈ ప్రశ్నను నల్లవాళ్లు చాలా కాలంగా అడుగుతున్నారు. ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి వ్యక్తి హ్యాటీ మెక్‌డేనియల్. ‘గాన్ విత్ ద విండ్’లో పనిమనిషి పాత్రకు ఇచ్చారు. 1940 ఫిబ్రవరి 29న ఆ సభ జరిగిన హోటల్లో ఆమెకు సినిమా బృందంతో కలిపి కుర్చీ వేయలేదు. గోడ పక్కన వేరే బల్ల. మనకు తెలియని సంగతేం కాదు ఇది, మన తాతలు వేరే గ్లాసులో టీ తాగినోళ్లే. ఆ తర్వాత ఇంకో నల్లజాతి నటికి ఆస్కార్ రావడానికి 51 ఏళ్లు పట్టింది, 1991లో వూపీ గోల్డ్‌బర్గ్‌కు. ప్రధాన నటి అవార్డయితే 2002లో హ్యాలీ బెర్రీ దాకా ఆగాల్సి వచ్చింది. మన నంది పుట్టిన 1964లోనే సిడ్నీ పోయిటియర్ ఉత్తమ నటుడయ్యాడు, ఆ అవార్డు అందుకున్న తొలి నల్లవాడు.

2015లో నటనకు నామినేట్ అయిన 20 మందీ తెల్లవాళ్లే. మరుసటి ఏడాది మళ్లీ 20కి 20. ఏప్రిల్ రెయిన్ అనే నల్లజాతి మహిళ 2015 జనవరిలో ‘ఆస్కార్స్ సో వైట్’ అని ఒక హ్యాష్‌ట్యాగ్ పెట్టింది. అది ఉద్యమమైంది. అకాడమీ కొత్త సభ్యుల్ని చేర్చుకోవాల్సి వచ్చింది. 2024 వేడుక నుంచి ఉత్తమ చిత్రానికి పోటీ పడాలంటే తెర మీద, తెర వెనక, శిక్షణలో, ప్రచారంలో చోటు ఎవరికి ఇచ్చారో చూపించే నాలుగు ప్రమాణాల్లో కనీసం రెండు పాటించాలి. ఆ నియమం చాలదని విమర్శలున్నాయి, ఉండాలి కూడా. కానీ గమనించండి. అక్కడ మొదటి అడుగు లెక్కపెట్టడం. 20లో సున్నా అని ఒక మనిషి గట్టిగా చెప్పడం.

మనవాళ్లు ఈ భాషను బాగానే నేర్చుకున్నారు. 2022లో మన దేశం తరఫున ఆస్కార్‌కు ‘ఆర్ఆర్ఆర్’ను కాకుండా గుజరాతీ సినిమా ‘ఛెల్లో షో’ను పంపితే తెలుగువాళ్లను చిన్నచూపు చూశారన్నారు. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది. ఆ వేదిక మీద పాటకు ఆడిన ప్రధాన డాన్సర్లలో దక్షిణాసియా వాళ్లు లేరని విమర్శ వచ్చింది. న్యాయమైన విమర్శే. మన పాటకు మన మనిషి ఉండాలి కదా అన్నారు. నేను కూడా అదే అంటాను. అయితే ఆ సినిమాలో ఇద్దరు హీరోల్లో ఒకడు కొమురం భీం. గోండుల బిడ్డ. నిజాం మీద పోరాడి చనిపోయిన మనిషి. గోండు వీరుడి పాత్రకు గోండు మనిషి ఎందుకు లేడు అని ఎవరైనా ఆదివాసీ పిల్ల అడిగితే అప్పుడు మాత్రం ‘కళకు కులం అంటగడతారా’ అంటారు. లాస్ ఏంజెలిస్‌లో చెల్లిన ప్రశ్న ఆసిఫాబాద్‌లో చెల్లదా?

అదే 2023 ఆగస్టులో ‘పుష్ప’కు అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. అంతకుముందు ఏ తెలుగు నటుడికీ ఆ అవార్డు రాలేదు. నిజం చెప్పాలంటే నేనూ సంతోషపడ్డాను. ఇన్నేళ్లూ మన సీమ యాసను నవ్వించడానికో, నరకడానికో వాడుకున్నారు. చిత్తూరు యాస మాట్లాడే కూలోడికి దేశంలో పెద్ద అవార్డు వచ్చింది. ఆ సంతోషం అయ్యాక ఇంకో సంగతి తట్టింది. ఆ కూలోడి కోసం నటుడి ఒంటికి నల్ల రంగు వేశారు. నలుపు మేకప్‌తో వస్తే నటన. పుట్టుకతో వస్తే ‘ఫేస్ సెట్ కాదు’. మా పెనుకొండ స్టేషన్లో రోజూ ఎక్కే పిల్లల్లో ఆ రంగుకు మేకప్ అక్కర్లేనోళ్లు డజను మంది ఉంటారు. అదే ఏడాది అవార్డుల్లో ‘జై భీమ్’కు ఒక్కటీ రాలేదు. ఇరుళర్ల మీద పోలీసు హింసను చూపిన ఆ తమిళ సినిమాను మన ఊళ్లలో తెలుగులో ఎంతమంది చూసి ఏడ్చారో మీకు తెలుసు.

ఇక ‘సందేశం’ సంగతి. మన బతుకుల మీద తీసిన సినిమాలకు అవార్డులు రాలేదని నేను అనను. ప్రేమ్‌చంద్ ‘కఫన్’లో తండ్రీ కొడుకులు చమార్లు. ఆ కథనే మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’గా తీస్తే జాతీయ ఉత్తమ తెలుగు చిత్రమైంది. కథ మనది, గౌరవం వేరే చేతుల్లోకి పోయింది. అది ఒక రకం. ఇంకో రకం విడి గది. గద్దర్ అవార్డుల జాబితాలో ఉత్తమ చిత్రాలు ఒకవైపు, జాతీయ సమైక్యత, మత సామరస్యం, అణగారిన వర్గాల అభ్యున్నతి మీద ఉత్తమ చిత్రం ఇంకోవైపు. జాతీయ అవార్డుల్లో కూడా సామాజిక సమస్యల మీద సినిమాకు విడిగా ఒక విభాగం ఏళ్ల తరబడి ఉండేది. ఇచ్చేవాళ్ల ఉద్దేశం మంచిదే అనుకుందాం. ఫలితం చూడండి. వాళ్ల ప్రేమ కథ, మన ఆకలి సమస్య. వాళ్ల అమ్మ పాత్ర, మన అమ్మ సందేశం. ఊరికీ వాడకూ మధ్య ఉన్న దారి అవార్డుల జాబితాలో కూడా ఉంది.

అట్లాగే ఉండాలని రాసిపెట్టి లేదు. 2014 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రం మరాఠీ ‘కోర్ట్’. ఒక దళిత లోకకవి మీద కేసు పెట్టి కోర్టు చుట్టూ తిప్పే కథ. ఆ కవి పాత్ర వేసింది వీరా సాథీదార్, నాగపూర్ అంబేడ్కరైట్ కార్యకర్త. ఆ సినిమాను సామాజిక విభాగంలో పెట్టి సరిపుచ్చలేదు, దేశంలో ఉత్తమ సినిమా అన్నారు. మరుసటి ఏడాది ఆస్కార్‌కూ పంపారు. కాబట్టి తమ్ముడూ, మీ అమ్మ కథ ‘ఉత్తమ చిత్రం’ అయ్యే దారి ఈ దేశంలో ఉంది. ఆ దారిన పోయినవాళ్లు తక్కువ, అంతే.

ధర్మవరం

ధర్మవరం అనగానే అందరికీ పట్టుచీర గుర్తొస్తుంది. నాకు నిమ్మలకుంట కూడా గుర్తొస్తుంది. ధర్మవరం మండలంలో తోలుబొమ్మల ఊరు. సినిమా రాకముందు మనకు తెల్లగుడ్డ తెర, వెనక దీపం, మేకతోలు మీద రంగులు. బొమ్మ చేసేదీ, ఆడించేదీ, పాట పాడేదీ ఆ కుటుంబాలే. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. చేసినవాడి పేరు మీద గౌరవం వచ్చిన సందర్భం మన జిల్లాలోనే ఉంది. లేపాక్షి పళ్లేల దగ్గర తలొంచుకున్న పిల్లల్ని నిమ్మలకుంటకు తీసుకుపోతే తలెత్తుతారు.

పద్మశ్రీ ఒక్కటే కడుపు నింపదని కూడా చెప్పుకోవాలి. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య డక్కలి కులస్తుడు. మాదిగల్ని ఆశ్రయించి బతికే కులం అది, ఎస్సీల్లో కూడా కింది మెట్టు. ‘భీమ్లా నాయక్’లో ఆయన గొంతు విన్నారు కదా. 2022లో పద్మశ్రీ. 2024లో ఆయన భవన నిర్మాణం దగ్గర కూలి పని చేస్తున్న దృశ్యం దేశమంతా చూసింది. గొంతు సినిమాకు పనికొచ్చింది, గౌరవం పేపర్‌కు పనికొచ్చింది, బియ్యానికి మాత్రం మళ్లీ తట్ట మోయాల్సి వచ్చింది.

మనవాళ్లు తలుపు దాటిన చోట్లు గమనిస్తే ఒక తీరు కనబడుతుంది. పన్నైపురం దళిత కుటుంబంలో పుట్టిన ఇళయరాజాకు సంగీతానికి వచ్చిన తొలి జాతీయ అవార్డు మన తెలుగు సినిమాకే, ‘సాగరసంగమం’. తర్వాత ‘రుద్రవీణ’కు కూడా వచ్చింది. పాట వినేవాడికి ముఖం కనబడదు. ముఖం కనబడే చోట మన మనిషికి ఏ వేషం ఇచ్చారు? ఆందోల్ రిజర్వుడు స్థానం నుంచి గెలిచి మంత్రి కూడా అయిన బాబూమోహన్ తెర మీద ఎన్ని సినిమాల్లో తన్నులు తిని మనల్ని నవ్వించాడో గుర్తు తెచ్చుకోండి. ఆ నవ్వులో ఆయన ప్రతిభ ఉంది. ఆ వేషాలు పంచినవాళ్ల చూపు కూడా ఉంది.

ఇక గద్దర్. 1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’లో ఆయన రాసిన అన్నాచెల్లెళ్ల పాటకు నంది వచ్చింది. ఆయన తీసుకోలేదు. 2023 ఆగస్టు 6న చనిపోయాడు. 2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం నంది స్థానంలో గద్దర్ పేరుతో అవార్డులు ప్రకటించింది. 2025 జూన్ 14న హైదరాబాద్‌లో వాటిని ఇచ్చారు. మొదటిసారి ఒక దళితుడి పేరు మీద తెలుగు సినిమా అవార్డు. చిన్న సంగతి కాదు. ఆ వేదిక మీదే ఎన్టీఆర్, బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి–చక్రపాణి, రఘుపతి వెంకయ్య పేర్ల పురస్కారాలు కూడా ఇచ్చారు. ఎన్టీఆర్ పురస్కారం మా హిందూపురం ఎమ్మెల్యేకే. అంతకు కొన్ని నెలల ముందు అదే గద్దర్‌కు పద్మ ఇమ్మని రాష్ట్రం అడిగితే కేంద్రం ఇవ్వలేదు. ఇవ్వబోమని కేంద్రమంత్రి బండి సంజయ్ బాహాటంగానే చెప్పారు. పేరు గద్దర్‌ది అయినంత మాత్రాన జాబితా గద్దర్ వాడది అయిపోదు. రాతి మీద విరూపణ్ణ పేరు తీసి శిల్పి పేరు చెక్కి, గుడి తాళాలు మాత్రం పాత చేతుల్లోనే ఉంచితే ఎట్లుంటుందో ఆలోచించండి.

మన ఉద్యమ మిత్రులు కొందరు అంటారు: ‘గద్దరే వద్దన్న అవార్డు మనకెందుకన్నా?’ గౌరవంతో చెప్తున్నాను. వద్దనాలంటే ముందు అది మన గుమ్మం దాకా రావాలి. గద్దర్ తిరస్కారానికి బరువు ఎందుకుందంటే ఆయన పాటను కాదనలేక ఎంచారు కాబట్టి. నా విద్యార్థికి వద్దనే అవకాశం కూడా లేదు. వాడిని ముందే పక్క గదిలో కూర్చోబెట్టారు.

మరి ఏం చేద్దాం?

ఒకటి, లెక్క. తెలంగాణ కులసర్వేలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని తేలింది. రాబోయే జనగణనలో కులం లెక్క ఉంటుందని కేంద్రం కూడా 2025లో ప్రకటించింది. ఇల్లిల్లూ తిరిగి కులం రాసుకునే ప్రభుత్వం తానే ఇచ్చే సినిమా అవార్డుల్లో ఎందుకు రాసుకోదు? ఎవరి కులాన్నీ వీధిలో పెట్టమని నేను అడగట్లేదు. కులం దాచుకుని పరిశ్రమలో నెట్టుకొస్తున్న మన పిల్లలు ఉన్నారు. వాళ్ల కూడు మనం పోగొట్టకూడదు. దరఖాస్తు ఫారంలో ఇష్టమున్నవాళ్లు నింపే ఒక గడి, పేర్లు లేకుండా మొత్తం అంకెలు మాత్రం బయటపెట్టడం. దరఖాస్తులెన్ని, తుది జాబితాలో ఎన్ని, విజేతలెంతమంది, జ్యూరీలో ఎవరు. ఇంతే.

రెండు, డబ్బు. కేరళ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ దర్శకులకూ మహిళా దర్శకులకూ ఒక్కో సినిమాకు కోటిన్నర దాకా ఇచ్చే పథకం నడుపుతోంది. 2025 ఆగస్టులో అడూర్ గోపాలకృష్ణన్ అంతటి దర్శకుడు ‘అంత డబ్బు ఎందుకు, ముందు వాళ్లకు మూడు నెలలు శిక్షణ ఇవ్వండి’ అన్నాడు. అక్కడికక్కడే నిరసన వచ్చింది. కోట్లు తగలేసి ఆడని సినిమాలు తీసే వారసులకు ఎవరూ శిక్షణ సిఫారసు చేయరు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇట్లాంటి నిధి కావాలి. చిన్న సినిమాలకు ప్రవేశ రుసుము మాఫీ కావాలి.

మూడు, మన సొంత తెర. మలయాళంలో తొలి హీరోయిన్ పి.కె. రోజీ దళిత మహిళ. నాయర్ స్త్రీ వేషం వేసిందని ఆమెను తరిమారు. తమిళనాడుకు పారిపోయి బతికింది. ఆమెతో ఆ సినిమా తీసిన జె.సి. డేనియల్ పేరు మీద కేరళలో అత్యున్నత సినిమా పురస్కారం ఉంది. రోజీ పేరు మీద పండుగ చేయడానికి పా. రంజిత్ లాంటివాళ్లు రావాల్సి వచ్చింది. ఏటా ఏప్రిల్‌లో, అంబేడ్కర్ నెలలో, చెన్నైలో ఆమె పేరుతో సినిమా పండుగ జరుపుతున్నారు. 1920లో బాబాసాహెబ్ ‘మూక్‌నాయక్’ పెట్టింది కూడా ఇందుకే కదా. మన మాట వేరేవాళ్ల పత్రికలో చిన్న అక్షరాల్లో వస్తుందా రాదా అని ఎదురుచూడకుండా.

నాలుగు, నీరజ్ ఘేవాన్‌ను చూడండి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, ఇక్కడే ఇంజినీరింగ్ చదివిన మరాఠీ దళితుడు. తన కులం దాచకుండా బహిరంగంగా చెప్పుకున్నాడు. అతని ‘మసాన్’ కాన్‌లో అవార్డు తెచ్చింది. అతని ‘హోమ్‌బౌండ్’ 2025లో మన దేశం తరఫున ఆస్కార్‌కు వెళ్లింది. మీ పక్క వీధి నుంచి వెళ్లినట్టే అది.

చివరగా ఆ పిల్లోడి సంగతి. పోయిన సోమవారం రైల్లో అడిగినాను, మీ అమ్మ సినిమా చూసిందా అని. చూసిందంట. మొత్తం చూసి, ఫోన్ తిరిగిచ్చేస్తూ ఒకటే మాట అనిందంట: “నేను ఇంత బిరబిరా నడుస్తానా రా?” అంతే. ఆమెకు అందులో సందేశం కనబడలేదు. తాను కనబడింది.

తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇదే. మీ అమ్మ ఎవరికీ సందేశం కాదు. నీ సినిమాలో ఆమె ప్రధాన నటి. ఆ మాట సర్టిఫికెట్ మీద వాళ్లు రాయకపోతే మనం రాయించాలి. వచ్చే ఏప్రిల్ 14 సాయంత్రం పెనుకొండలో, మీ కాలనీలో, తెల్లగుడ్డ కట్టి ఆ సినిమా వేద్దాం. హిందూపురం, ధర్మవరం హాస్టల్ పిల్లలు తీసిన సినిమాలు ఇంకా ఉంటే పంపండి. విభాగాలేమీ ఉండవు. అన్నీ సినిమాలే.

వచ్చే భాగంలో ఆడిషన్ గది గురించి రాస్తాను. మీలో ఎవరైనా ఆ గదిలోకి పోయి ఉంటే మీ అనుభవం రాసి పంపండి. పేరు వద్దంటే పేరు పెట్టను.

జై భీమ్.